మచ్చు చూసేటప్పుడు వీపు తిప్పే అలవాటు

నా ఉద్యోగంలో ఆఖరి మిర్చి సీజను అది. ఫిబ్రవరి రెండో వారంలో నన్ను పర్చూరు దగ్గరి కొనుగోలు కేంద్రానికి వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ గ్రేడరు. రిటైర్ కాబోయేవాడిని సొంత ఊరికి దగ్గరగా ఉంచడం మా కంపెనీలో ఆనవాయితీ. నా ముందు వెళ్ళినవాళ్ళకి అలాగే చేశారు. నా ఇల్లు గుంటూరులో ఉన్న సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా నన్ను పర్చూరులో అద్దెగదికి పంపి, "మీ అనుభవం అక్కడ అవసరం" అన్నారు. నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాను. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మాది ఎండుమిర్చి ఎగుమతి చేసే సంస్థ. కొన్ని ఊళ్ళలో రైతులతో ముందే ఒప్పందం చేసుకుంటాం. మేం వద్దన్న పురుగుమందులు కొట్టకుండా పండించాలి, కాయ మాకే అమ్మాలి. కాయ కేంద్రానికి వచ్చాక ప్రతి రైతు బస్తాల్లోనూ పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి ఒక పళ్ళెంలో పోస్తారు. అదే మచ్చు. గ్రేడరు దాన్ని చూస్తాడు. రంగు, తొడిమ, తేమ, వాసన. అన్నిటికన్నా ముఖ్యం తాలు, అంటే రంగుపోయి తెల్లబడిన కాయ. తాలు తక్కువుంటే ఫస్టు గ్రేడు, ఎగుమతికి పోతుంది. ఎక్కువుంటే సెకండు, స్థానికంగా కారం మిల్లుకి పోతుంది. గ్రేడరు నోటి మాటే అక్కడ తీర్పు.

గుప్పెడు కాయ పట్టి పిసికితే వచ్చే గలగలని బట్టి తేమ చెప్పేవాడిని. ఈ రోజుకీ ఎక్కడైనా మిర్చి లారీ పక్కనుంచి పోతే ఆ ఘాటుకి ఎవరికైనా తుమ్ము వస్తుంది, నాకు ఆకలి వేస్తుంది. ఫిబ్రవరిలో పర్చూరు చుట్టుపక్కల పొలాల గట్ల మీద నడిచినవాళ్ళకి తెలుస్తుంది, కల్లాల్లో ఆరబోసిన కాయ మీద పొద్దుటి ఎండ పడితే నేల ఎంత ఎర్రగా ఉంటుందో. అది చూడటానికైనా ఆ బదిలీ మేలే చేసిందని ఇప్పుడు అనిపిస్తుంది. అయితే నన్ను వేసినవాళ్ళు ఆ ఉద్దేశంతో వెయ్యలేదు.

నాకొక అలవాటు ఉండేది. మచ్చు పళ్ళెం చేతికి రాగానే, అమ్మే రైతుకి వీపు తిప్పి, గోడవైపు తిరిగి చూసేవాడిని. చూసి, తిరక్కుండానే "ఫస్టు" అనో "సెకండు" అనో చెప్పి, పళ్ళెం పక్కకి ఇచ్చేవాడిని. ఎవరైనా అడిగితే "వెలుతురు కోసం" అనేవాడిని. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు కూడా, నేనేమీ చెప్పకుండానే, వీపు తిప్పడం నేర్చుకున్నారు. ఒక కేంద్రంలో ముగ్గురు గ్రేడర్లం ఒకే గోడకేసి తిరిగి నిలబడి ఉండటం చూసి, హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన "ఏమయ్యా, అందరికీ శిక్ష వేశారా?" అని నవ్వాడు. ఆయన పేరు, ఆ రోజు వేసుకున్న గళ్ళ చొక్కా నాకు గుర్తున్నాయి. పర్చూరు రైతులు నాకు పెట్టిన పేరు "వీపు సారు". అది కూడా నా చెవిన పడింది.

ఆ సీజన్లోనే శైలజ అనే అమ్మాయి మా కేంద్రానికి వచ్చింది. ఒంగోలు పిల్ల, నాణ్యతా విభాగంలో ఆఫీసరు, వయసులో నా కూతురి కంటే చిన్నది. విదేశీ కొనుగోలుదారులు మా పని పద్ధతి అంతా మెట్టుమెట్టుగా రాసి, ప్రతి మెట్టుకీ కారణం చూపించమన్నారట. అది రాయడానికి వచ్చింది. ఆమె పద్ధతి ఒకటే. ఏది చెప్పినా "ఎందుకు సార్?" అంటుంది. జవాబిస్తే దాని మీద మళ్ళీ "ఎందుకు?" అంటుంది. మన చేత్తో మార్చగలిగిన కారణం దొరికేదాకా వదలదు. ఒక సరుకు తిరిగొచ్చినప్పుడు తప్పు ఎక్కడ మొదలైందో కనిపెట్టడానికి కార్ఖానాల్లో వాడే పద్ధతే ఇది. దాన్ని మనిషి మీద వాడతారని నాకు తెలియదు.

అడుగు నుంచి ఎందుకు తియ్యాలి? పైన మంచి కాయ పోస్తారు కాబట్టి. గుప్పెడు ఎందుకు పిసకాలి? తేమ కొలిచే మీటరు బస్తా నడుమ ఎలా ఉందో చెప్పలేదు కాబట్టి. అన్నిటికీ చెప్పాను. చివరికి అడిగింది.

"మచ్చు చూసేటప్పుడు వెనక్కి ఎందుకు తిరుగుతారు సార్?"

"వెలుతురు కోసం."

ఆమె షెడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, మెల్లగా అంది. "ఇక్కడ వెలుతురు రైతులు నిలబడే వైపు నుంచే వస్తోంది కదండీ. మీరు తిరిగితే మీ నీడే పళ్ళెంలో పడుతోంది."

చూశాను. పడుతోంది. "గుంటూరులో అలా కాదు" అన్నాను. ఆమె వాదించలేదు. అన్ని మెట్ల ఎదురుగా కారణాలు రాసుకుని, ఆ ఒక్క మెట్టు ఎదురుగా ఖాళీ వదిలింది. వాదించి ఉంటే నేనూ వాదించేవాడిని. ఖాళీ వదలడం నాకు బాగా గుచ్చుకుంది.

మర్నాడు కోటయ్య వచ్చాడు.

కోటయ్య నా ఈడువాడే. ఒప్పందంలోకి తన ఊళ్ళో అందరికన్నా ముందు చేరిన రైతు. ఆ ఏడాది అంతా మేం చెప్పినట్టే చేశాడు. పక్క చేలవాళ్ళు మందు కొడుతుంటే తను వేపకషాయం కొట్టాడు. పురుగుని చేత్తో ఏరించాడు. ఊరంతా వేళాకోళం చేస్తే పడ్డాడు. అతని కాయ ఎగుమతికి పోతే అతని మాట నెగ్గినట్టు. వచ్చే ఏడు ఆ ఊరు మొత్తం ఒప్పందంలోకి వస్తుందని మావాళ్ళూ ఆశపడుతున్నారు. అతను ట్రాలీ మీద బస్తాలు తెచ్చి, మచ్చు తీయించి, తలగుడ్డ తీసి భుజాన వేసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. నేను పళ్ళెం తీసుకుని గోడవైపు తిరిగాను. తాలు కనిపించింది. "సెకండు" అన్నాను.

వెనక నుంచి కోటయ్య అన్నాడు. "ఏమండీ గ్రేడరు గారూ, గోడకేమన్నా అమ్ముతున్నానా నేను?"

నేను తిరగలేదు.

"కాయ నాది. నా ముందర చూడండి. ఎందుకు సెకండో నా మొహాన చెప్పండి."

పక్కన ట్రాలీ మీద కూర్చున్నవాడెవడో అందుకున్నాడు. "ఉండు మామా, సారు గోడని అడిగి చెబుతాడు." అందరూ నవ్వారు. కోటయ్య నవ్వలేదు. "ఏడాది పొడుగూతా మీ మాట ఇన్నా. ఊళ్ళో ఎర్రోణ్ణి అనిపించుకున్నా. ఇయ్యాల మీ వీపు చూసి పొమ్మంటారా? నేను బస్తాలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకి పోతా. మందుకొట్టిన కాయతోపాటే పోనీండి నా కాయ కూడా!"

ఇంకో ఇద్దరు రైతులు తమ బస్తాలు దించకుండా ఆగారు. పైన మబ్బు పట్టింది. మిర్చి రైతుకి ఫిబ్రవరి మబ్బు కన్నా భయం ఇంకొకటి లేదు. నాలుగు చినుకులు పడితే ఫస్టు కాయ కూడా తాలవుతుంది. శైలజ కల్పించుకుని, అమ్మకందారు కోరితే మచ్చు రెండోసారి చూడాలన్న నిబంధన ఉందని చెప్పింది. ఉంది. చూడవలసింది అదే గ్రేడరు. బస్తాలు ఆ రాత్రికి మా గోడౌన్లో పెట్టించి, పొద్దున్నే చూడటానికి ఒప్పుకున్నాం. "రేపు కూడా ఆ వీపే అయితే నేను ఆగను" అని కోటయ్య అందరికీ వినపడేట్టు చెప్పి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక పళ్ళెం తీసుకుని, కోటయ్య నిలబడ్డ చోటు వైపు తిరిగి నిలబడి చూశాను. అక్కడ ఎవరూ లేరు. అయినా నాకు తెలియకుండానే మళ్ళీ గోడవైపు తిరిగాను. నేను తిరిగేది వెలుతురు కోసం కాదేమోనని అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది.

సాయంత్రం గదికి పోకుండా, పొయ్యి వేడికి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వైపు నడిచాను. ఆ పిల్ల ఖాళీ వదిలిన చోట ఏదో ఒకటి పూరించి మర్నాడు ఆమె ముందు పెట్టాలన్న పంతం తప్ప వేరే ఉద్దేశం లేదు. ఆమె పద్ధతిలోనే నన్ను నేను అడగడం మొదలుపెట్టాను.

వీపు ఎందుకు తిప్పుతాను? వెలుతురు కోసం. వెలుతురు అటు లేనప్పుడు కూడా ఎందుకు? అమ్మేవాళ్ళ గోల వినకుండా. వీపు తిప్పితే చెవులు మూసుకుపోతాయా? పోవు. మరి ఎందుకు? ముఖం చూస్తే గ్రేడు మారుతుంది కాబట్టి. అలాగని ఎవరన్నారు?

ఇక్కడ నాకు జవాబు వెంటనే దొరికింది. ఎవరన్నారన్న ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కంపెనీ చిన్నది. గుంటూరు యార్డు వెనకాల ఒక రేకుల షెడ్డులో కొనేవాళ్ళం. అప్పటి పర్చేజ్ మేనేజరు ఒకరోజు అందరి ముందూ నన్ను అన్నాడు, "మొహాలు చూసి గ్రేడు వేసేవాడివైతే ఈ పనికి పనికిరావు, ఇంటికి పో." ఆ మాట నేను ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ఆయన రిటైరైనప్పుడు సన్మానానికి వెళ్ళలేదు. కాబట్టి నా అలవాటుకి కారణం ఆ అవమానం. లెక్క తేలిందనుకుని వెనక్కి మళ్ళాను.

నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. నన్ను మాట అన్నవాళ్ళు ఆ మాట అన్నప్పుడు ఎలా ఉన్నారో నాకు స్పష్టంగా గుర్తుంటుంది. గళ్ళ చొక్కా ఆయన నవ్వినప్పుడు ఏ పన్ను కనపడిందో చెప్పగలను. ఈ మేనేజరు మాట మాత్రం వినపడుతోంది, మనిషి కనపడటం లేదు. ఆ మాట తలుచుకుంటే నా కళ్ళ ముందుకి వచ్చేది తుప్పుపట్టిన రేకు, అందులో ఒక మేకు బెజ్జం, ఆ బెజ్జంలోంచి పడే ఎండ. ఎందుకు? ఆయన అన్నప్పుడు నేను గోడవైపే చూస్తున్నాను కాబట్టి. అంటే ఆయన అనకముందే నేను వెనక్కి తిరిగి ఉన్నాను. అవమానం వల్ల తిరగలేదు. తిరిగి ఉండగా అవమానం జరిగింది.

మరి ఎందుకు తిరిగాను? నా వెనకాల ఎవరున్నారు?

మా నాన్న ఉన్నాడు.

నాన్న ఆ రోజు మా చేలో కాయ తీసుకుని మా షెడ్డుకే వచ్చాడు. ఇంటిదగ్గర మాట మాత్రం చెప్పలేదు. వరసలో తన వంతు వచ్చినప్పుడు చూశాను. ఉతికిన పంచె కట్టుకున్నాడు. నన్ను చూస్తున్నాడు, కాయని కాదు. పక్కనున్న రైతుతో "మావాడే" అన్నాడు. ఆ కాయ కల్లంలో ఉండగా వానకి తడిసింది. పట్టాలు కప్పడానికి నేనూ పరుగెత్తాను, అందులో తాలు ఎంతుందో పళ్ళెం చూడకుండానే నాకు తెలుసు. ఆ నవ్వుముఖం చూస్తూ "సెకండు" అనడం నా వల్ల కాలేదు. "ఫస్టు" అనడం కూడా నా వల్ల కాలేదు. రేకు వైపు తిరిగాను. తిరిగి కూడా చాలాసేపు పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. మేనేజరు అరిచింది ఆ ఆలస్యానికి. అప్పుడు "సెకండు" అన్నాను.

సాయంత్రం ఇంటి దగ్గర నాన్న కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "కాయ తాలేలేరా, నాకు తెలవదా ఏంది. అటు తిరిగావేంట్రా?"

"వెలుతురు కోసం నాన్నా" అన్నాను.

"ఓహో, అదా" అన్నాడు.

ఆ తర్వాత నాన్న బతికున్నన్నాళ్ళూ కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు, "మావాడు వెలుతురు చూసుకోందే కాయ ముట్టడు" అని. నలుగురూ అది నాకే తిప్పి చెప్పేవాళ్ళు. వినీ వినీ నేనూ నమ్మాను.

బ్యారన్ల దగ్గర ఎవరో పొయ్యిలో కట్టె ఎగదోస్తుంటే కాసేపు నిలబడి చూసి గదికి వచ్చాను. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను. ఇన్నేళ్ళు ఆ మేనేజరు మీద మోసిన కోపంలో ఒక పెద్ద భాగానికి ఆధారం పోయింది. అందరి ముందూ అరిచాడన్న భాగం మాత్రం అలాగే ఉంది, అది నేను వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే శైలజతో చెప్పాను. "నాకు ముఖం కనపడటం ఇబ్బంది కాదమ్మా. ఏ పళ్ళెం ఏ ముఖానిదో తెలియడం ఇబ్బంది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయితే తెలియకుండా చేద్దాం సార్" అంది.

ఆ రోజు వచ్చిన రైతులందరి మచ్చులూ ఒకే రకం పళ్ళేల్లో పోయించాం. ప్రతి పళ్ళెం కింద ఆ రైతు పేరున్న టోకెను బోర్లా పెట్టించాం. వాటిని కలగలిపి వరసలో పేర్చమని రైతులకే చెప్పాం. అంతసేపూ నేను బయట నిలబడ్డాను. పేర్చారు, నన్ను పిలిచారు. నేను లోపలికి వచ్చి, వాళ్ళ ఎదురుగా, వెలుతురులో నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. కోటయ్య చేతులు కట్టుకుని ముందు వరసలో ఉన్నాడు.

"సారు మొహం ఇట్టా ఉంటదన్నమాట" అన్నాడు నిన్నటి ట్రాలీవాడు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

ఒక్కో పళ్ళెం చూస్తూ, గ్రేడు చెబుతూ, ఎందుకో కూడా చెప్పాను. ఇందులో తొడిమలు ఊడిపోయాయి. ఇందులో తేమ ఉంది, రెండు ఎండలు ఆరబెట్టాలి. ఇది ఫస్టు, రంగు చూడండి. ఒక పళ్ళెం దగ్గర వేళ్ళతో కాయ విడదీసి, "తాలు ఎక్కువ, సెకండు" అన్నాను. అన్నీ అయ్యాక టోకెన్లు తిప్పారు. తాలు అన్న పళ్ళెం కోటయ్యదే.

కోటయ్య ముందుకొచ్చి, పళ్ళెంలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచాడు. చాలాసేపు చూశాడు. "ఇది అడుగు కోతల కాయ. ఆఖర్న కోసిందీ, ముందు కోసిందీ కలిపేసినట్టున్నారు మావోళ్ళు" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత నావైపు చూశాడు. "తాలు ఏరించుకొస్తే మళ్ళీ చూస్తారా?"

"చూస్తాను."

"మొహం ఇటు పెట్టేనా?"

"ఇటు పెట్టే."

"నిన్ననే ఈ ముక్క చెబితే ఇంత గోల లేకపోను గదండీ. నేనేదో నా కాయే మీకు సరిపళ్ళేదనుకున్నా. తాలైతే ఏరుకుంటాంగా!"

గ్రేడు చెప్పి కారణం చెప్పకపోతే ఆ కాయని బాగుచేసుకునే దారి రైతుకి ఉండదు. వీపు తిప్పినవాడు కారణం చెప్పడు. ఇన్ని సీజన్లు నేను సరైన గ్రేడే చెప్పాను. సగం పనే చేశాను.

కోటయ్య గుంటూరుకి పోలేదు. బస్తాలు వెనక్కి తీసుకెళ్ళి, మబ్బు విడిచాక కల్లంలో పోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని తాలు ఏరారట. అదే వారంలో మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ పళ్ళేలు కలిపారు. ఒకదాని మీద చెయ్యి పెట్టగానే "ఫస్టు" అన్నాను. టోకెను తిప్పింది కోటయ్యే. పక్కవాడి వీపు మీద ఒక్కటి చరిచి, "ఏరా, ఎర్రోణ్ణన్నావే!" అన్నాడు. ఆ బస్తాల మీద ఎగుమతి ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు. నాకు మాత్రం, వరసలో ఉతికిన పంచె కట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఆ రోజు ఇటు తిరిగి, తాలు ఏరించుకొస్తే మళ్ళీ చూస్తానని చెప్పి ఉంటే ఆయనా ఏరించుకొచ్చేవాడు.

పళ్ళేలు కలిపి చూసే పద్ధతి ఇప్పుడు మా కేంద్రాలన్నిటిలో ఉంది. ఆ పద్ధతి రాసిన కాగితాల మీద రూపకర్తగా శైలజ పేరుంది. నా పేరు లోపలెక్కడో "సమాచారం అందించినవారు" అన్న చోట, ఇంటిపేరులో అక్షరం తప్పుతో ఉంది. దాని మీద కూడా అభ్యంతరం రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి మాత్రం ఫోను చేసి క్షమించమంది. అది కూడా నాకు గుర్తుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటుంది. మీ అలవాటుకి కారణం ఏమిటని మిమ్మల్ని మీరు అడిగినప్పుడు మొదట వచ్చే జవాబు వినడానికి మంచిదై ఉంటుంది, రెండోది మిమ్మల్ని ఎవరో అన్న మాటై ఉంటుంది. అక్కడ ఆగవద్దు. ఆ మొదటి జవాబు జీవితంలో మొట్టమొదట ఎవరికి చెప్పారో గుర్తు తెచ్చుకోండి. అసలు కారణం ఆ మనిషి దగ్గర ఉంటుంది.